మూత మీద రాయి

మా అత్తగారు రాఘవమ్మ రంగును ముక్కుతో చూస్తుంది. పెడనలో కలంకారీ అద్దకం పని చేసేవాళ్ళని ఎవరిని అడిగినా ఈ మాట చెప్తారు. గుడ్డలు ఉడికే రాగి డేగిసా పక్కన నిలబడి, ఆవిరి మొహానికి కొడుతుంటే కళ్ళు మూసుకుని రెండుసార్లు గాలి పీలుస్తుంది. తర్వాత ఇంకో రెండు పుల్లలు పెట్టమంటుంది, లేదా చాలు తీసెయ్యమంటుంది. అంటే అంతే. ఆవిడ తీయమన్నప్పుడు తీసిన ఎరుపు ఎన్ని ఉతుకులు ఉతికినా దిగదు.

ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే నాకు ముందు గవ్వ గుర్తొస్తుంది. గవ్వ మా పిల్లి. తెల్లటి ఒంటి మీద తేనెరంగు మచ్చలు, సముద్రపు గవ్వ మీద ఉన్నట్టే. ఆ పేరు మా అత్తగారు పెట్టిందే. సముద్రం పక్కన పుట్టిన మనిషి కదా.

కోడూరు దాటాక సముద్రం వైపున్న ఒక పల్లె ఆవిడది. పెళ్ళయ్యాక కూడా అక్కడే ఉంది. మా మావగారు వలకి వెళ్ళేవారు, ఈవిడ బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళ మీద చేపలమ్మేది. డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చిన రోజు పొద్దున ఇద్దరూ ఏదో మాటా మాటా అనుకున్నారట. ఏం మాటో ఆవిడే మర్చిపోయిందట. ఆఖరికి తను అన్న మాట ఒక్కటి మాత్రం మర్చిపోలేదు. "పో, మళ్ళీ ఈ గడప తొక్కకు" అందట. ఆయన భుజాన తువ్వాలు వేసుకుని వెళ్ళిపోయారు. సాయంత్రానికి సముద్రం ఊళ్ళోకి వచ్చింది. ఈవిడ నాలుగేళ్ళ కొడుకుని చంకనేసుకుని బడి డాబా ఎక్కి బతికింది. ఆయన మూడోరోజు దొరికారు, రెండు ఊళ్ళకీ మధ్య పొలంలో. ఇంటి నుంచి దూరంగా వెళ్తూ పోయారో, ఇంటికి తిరిగి వస్తూ పోయారో చెప్పగలిగినవాళ్ళు లేరు.

ఈ సంగతి నాకు మా ఆయన గణపతి చెప్పారు, పెళ్ళయిన కొత్తలో, ఒక్కసారే. అమ్మ దగ్గర ఎత్తకు అని కూడా చెప్పారు.

ఉప్పెన తర్వాత ఆవిడ పెడన వచ్చి అద్దకం షెడ్డులో పనికి చేరింది. మొదట కాలవలో గుడ్డలు జాడించడం, తర్వాత ఎండేయడం, ఆ తర్వాత డేగిసా. గణపతి కొంచెం పెద్దయ్యాక అద్దడం నేర్చుకున్నారు. నేను కోడలిగా వచ్చేసరికి ఇంటి వెనకే చిన్న షెడ్డు వేసుకుని, పూర్ణచంద్రరావుగారనే షావుకారుకి పని చేసి ఇస్తున్నారు.

ఈ పని తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. మా పనిలో ఎరుపు ముందు కనపడదు. గుడ్డని కరక్కాయ నీళ్ళలో ముంచి ఎండేస్తే లేత పసుపు పడుతుంది. ఎర్రగా రావలసిన చోటల్లా పటిక నీళ్ళు అద్దుతారు. పళ్ళెంలో పటిక నీళ్ళతో తడిపిన గోనెపట్టా ఉంటుంది, చెక్క అచ్చుని దాని మీద ఆనించి గుడ్డ మీద కొట్టడమే. ఆరిపోయాక అక్కడ ఏముందో పైకి తెలియదు. కాలవలో జాడించి, రంగుపొడీ జాజాకూ వేసిన నీళ్ళలో ఉడకబెడితే అప్పుడు పటిక తగిలిన చోట ఎరుపు లేస్తుంది. తగలని చోట ఎంత ఉడికినా లేవదు. "పటిక ఎక్కడ తగిలిందో అక్కడే పలుకుతుంది" అనేది మా అత్తగారు.

మాది గుడివాడ. అయిదో తరగతి దాకా చదివాను. తొంభై నాలుగులో పెళ్ళి. అత్తగారు తక్కువ మాట్లాడుతుంది, నేను అసలే మాట్లాడను. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, పక్కింటి జిలానీగారు అచ్చులు చెక్కే ఉలి చప్పుడుతోనే మాకు పొద్దుపోయేది.

నేను కాపురానికొచ్చిన నెలకే మా అత్తగారు బందరు వెళ్ళి పీతల బుట్ట తెచ్చింది. వంటింట్లో మూత తీస్తే, పీతల పక్కన గుప్పెడంత పిల్లికూన. బందరు మార్కెట్లో ఎప్పుడు దూరిందో ఏమో, దారంతా పీతల మధ్యే ప్రయాణం చేసింది. ఒక పీత దాని కుడి ముందరి కాలు పట్టుకుని వదల్లేదు. మా అత్తగారు పీత డెక్క విరిచి విడిపించింది. పసుపు పెట్టి గుడ్డ కట్టింది. కాలైతే నిలబడింది గానీ ఒక వేలు రాలిపోయింది. నేలకి ఆనే నాలుగు వేళ్ళలో మూడే మిగిలాయి.

ఆ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళం మేమిద్దరమే, నేనూ గవ్వా. మధ్యాహ్నం అందరూ షెడ్డులో ఉంటే అది వంటింటి గడప మీద కూర్చునేది. నేను బియ్యం ఏరుతూ దానితో మాట్లాడేదాన్ని. మా అమ్మ ఏం చేస్తుంటుందో, మా చెల్లి పరీక్షలు ఎప్పుడో, అన్నీ. అది చెవులొకటే కదిపేది. ఎవరైనా వస్తే నేనూ ఆపేసేదాన్ని, అదీ లేచి వెళ్ళిపోయేది.

అయితే దాని ప్రాణమంతా మా అత్తగారే. షెడ్డులో అద్దే బల్ల చివర ఆవిడ పాత చీర మడత ఒకటి ఎప్పుడూ ఉండేది. గవ్వ పడక అదే. పడుకోబోయే ముందు అదే చోట గుండ్రంగా నాలుగైదు చుట్లు తిరిగి, ముందరి కాళ్ళతో పిండి పిసికినట్టు పిసికి, అప్పుడు ముడుచుకునేది. ఆవిడ చూసి, కొత్త పెళ్ళికూతురికి పరుపు సర్దుకోవడం ఇంకా అవలేదు అనేది. ఆవిడ హాస్యమాడగా నేను విన్నది ఆ పిల్లితోనే.

చేప తెచ్చిన రోజు మాత్రం ఇద్దరికీ పడదు. అందుకని మా ఇంట్లో ఒక రూలు. చేపముక్కల గిన్నె మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టాలి. పాత సన్నికల్లు పొత్రం ఒకటుండేది, రెండు చేతులతో ఎత్తాలి. ఆ రాయి బాధ్యత నాది.

తొంభై ఎనిమిది మాఘమాసంలో ఒక గురువారం. పూర్ణచంద్రరావుగారు పెద్ద దుప్పట్ల ఆర్డరు పనిచూడ్డానికి వచ్చి మా ఇంట్లోనే భోంచేస్తానన్నారు. మా అత్తగారు తెల్లారే బందరు వెళ్ళి పండుగప్ప తెచ్చింది. తనే కోసి, ఉప్పూ కారం పట్టించి, గిన్నె నాకు అప్పగించి, రాయి పెట్టమని చెప్పి కాలవ దగ్గరికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే గోడ అవతల నుంచి జిలానీగారి భార్య ఖదీజా పిలిచింది. వాళ్ళ చంటిదానికి జ్వరం తగ్గిందా అని అడిగి వద్దామని వెళ్ళాను. మూత పెట్టాను. రాయి వచ్చి పెడదామనుకున్నాను. గోడ దగ్గర మాట మీద మాట వచ్చింది.

తిరిగొచ్చేసరికి గిన్నె బోర్లా ఉంది. తోకముక్క ఒకటి మిగిలింది. గవ్వ కిటికీలో కూర్చుని కాలు నాక్కుంటోంది. నా వెనకే మా అత్తగారి అడుగుల చప్పుడు.

"రాయి పెట్టావా?" అంది.

"పెట్టాను అత్తయ్యా."

ఆ మాట ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ కింద చూసింది. రాయి పొయ్యి పక్కన, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. దొర్లి అక్కడికి పోయిందనుకుంది. కోడలు అబద్ధమాడుతుందని ఆవిడకి తట్టనే లేదు, నాలుగేళ్ళలో నేను అలాంటి పని చేసి ఉంటే కదా.

"రాయి దొర్లించేదాకా వచ్చావటే" అంది గవ్వతో. చేతిలో ఉన్న గుడ్డలు తిప్పే వెదురుకర్రతో ఒక దెబ్బ వేసింది. అది కిటికీలోంచి పెరట్లోకి దూకి, పారిపోకుండా, అక్కడే నిలబడి చూసింది. అలా చూసేసరికి ఆవిడకి మరీ కోపం వచ్చింది. "పో. మళ్ళీ ఈ గడప తొక్కకు."

గణపతి షెడ్డులోంచి వచ్చి నవ్వారు. అంత రాయి ఎత్తే పిల్లిని గుడివాడ పంపిద్దాం, మా నాన్నకి సాయంగా బస్తాలు మోస్తుందన్నారు. ఎవరూ నవ్వలేదు. పూర్ణచంద్రరావుగారికి కోడిగుడ్ల పులుసు పెట్టాం.

శుక్రవారం గవ్వ రాలేదు. శనివారం మా అత్తగారు పళ్ళెంలో చేప తలకాయ పెట్టుకుని కాలవగట్టు దాకా నడిచి వచ్చింది. ఎక్కడికి వెళ్ళావని గణపతి అడిగితే ఊరికే అంది. ఆదివారం పొద్దున రైలుగేటు వైపు నుంచి వస్తున్న ఒకామె చెప్పింది, రోడ్డు పక్కన మీ పిల్లిలాంటిది పడుంది, లారీ ఏదో తగిలినట్టుందని. గణపతి గోనెసంచిలో తీసుకొచ్చారు. కాలవగట్టు మీద గుంట తీసి పెట్టాం. మా అత్తగారు పాత చీర మడత తెచ్చి దాని మీద కప్పింది. మట్టి వేస్తుంటే ఒక్క మాట అంది.

"తొక్కద్దన్నాను. తొక్కలేదు. మాట విన్నది."

అది పిల్లి గురించే అన్న మాట కాదని నాకూ గణపతికీ తెలుసు.

మర్నాటి నుంచి ఆవిడ డేగిసా దగ్గరికి రాలేదు. పొయ్యి వెలిగించి పిలిస్తే అరుగు మీద నుంచి కదల్లేదు. ప్రాణం తీసిన చేతికి రంగు లేవదంది. మా పనిలో అలాంటి పట్టింపులు ఉన్నాయి. ఇంట్లో మనసు బాగోకపోతే ఎరుపు మాడుతుందని పెద్దవాళ్ళు అంటారు. కానీ ఈవిడ ఇరవై ఏళ్ళలో ఒక్క పూట మానిన మనిషి కాదు. జ్వరంతో కూడా ఉడకబెట్టింది.

పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలంటారు కదా. బుధవారం ఆవిడ ముక్కుపుడక తీసి చెంగున ముడేసుకుని కంసాలి నాంచారయ్య దగ్గరికి వెళ్ళింది. ఆ పుడక ఉప్పెనలో ఒంటి మీద మిగిలిన ఒకే ఒక్క బంగారం. నాంచారయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని, ఇందులో పిల్లి మీసం కూడా రాదు పిన్నీ అన్నాడట. మీసమే చెయ్యమందట ఈవిడ. ఏం చెయ్యాలో తెలియక, చూస్తాలే అని ఆ పుడకని పొట్లం కట్టి పెట్టాడు. నాకు ఆ సంగతి తర్వాత అతనే చెప్పాడు. ఆ రోజు నేను చూసిందల్లా అన్నం తింటున్న ఆవిడ మొహం. ముక్కు మీద చిన్న చుక్కంత తెల్లటి మచ్చ.

నేను ఏడ్చేదాన్ని, పొయ్యి వైపు తిరిగి. ఎవరైనా అడిగితే పొగ అని చెప్పొచ్చు. గవ్వ కోసమే ఏడ్చేదాన్నో, నా అబద్ధం కోసమో విడదీయలేను. బియ్యం ఏరుతూ గడప వైపు చూసేదాన్ని. చెప్పుకోవడానికి ఎన్నో ఉండేవి, వినే చెవులు లేవు. దాని పాలగిన్నె కడిగి బోర్లించాను, మళ్ళీ తీసి నిలబెట్టాను. అలా రోజుకి ఎన్నిసార్లో.

ఖదీజాకి అంతా తెలుసు. నేను గోడ దగ్గర ఉన్నప్పుడే కదా జరిగింది. గోడ మీద నుంచి నెమ్మదిగా అంది, "చెప్పెయ్ వదినా. తిడుతుంది. తిడితే ఏమవుతుంది?"

తిడితే బాగానే ఉండును. తిట్టదని నా భయం. ఆవిడ నాతో మాట్లాడేదే నాలుగు మాటలు, ఆ నాలుగూ పోతాయని.

ఇంకోవైపు ఆర్డరు ఆగిపోయింది. పూర్ణచంద్రరావుగారు వచ్చి అరుగు మీద కూర్చుని చాలాసేపు నచ్చజెప్పారు. పిల్లి పోతే ఇంకో పిల్లి వస్తుంది రాఘవమ్మా, మాట ఇచ్చిన తేదీ పోతే రాదు అన్నారు. నిజమేనండి, కానీ ఈ చెయ్యి వద్దండి అంది ఆవిడ. వేరే ఆవిడ చేత కొన్ని దుప్పట్లు ఉడకబెట్టించారు. ఇటుకపొడి రంగు వచ్చింది. ఆయన ఆ దుప్పటి చేతిలో పట్టుకుని చూసి మడతపెట్టారు. మిగిలినవీ ఇలాగే వస్తే ఈ షెడ్డుకి ఇక పని ఇవ్వలేనని వెళ్ళేటప్పుడు గణపతికి చెప్పారు.

తర్వాతి ఆదివారం గణపతి నా దగ్గరికొచ్చి, మనిద్దరం ఉడకబెడదాం రా అన్నారు. నేను డేగిసా దగ్గరికి ఎప్పుడూ వెళ్ళలేదు. అన్నం వండే పొయ్యి తప్ప వేరే పొయ్యి తెలియదు. అయినా వెళ్ళాను. ఆ గురువారం నుంచి ఇంట్లో జరుగుతున్న ప్రతి నష్టానికీ నేనే కారణమని నాకు తెలుసు కాబట్టి వెళ్ళాను.

నీళ్ళు పోసి అత్తగారి దగ్గరికి వెళ్ళి, మంట ఎంత పెట్టమంటారు అని అడిగాను. ఆవిడ నా వైపు చూడలేదు. కానీ జవాబు చెప్పింది.

"అన్నం మంట కాదు. పప్పు మంట."

మళ్ళీ వెళ్ళి ఆకు ఎంత అని అడిగాను. దోసిలికి రెండు చిటికెలు తక్కువ అంది. గుడ్డ ఎప్పుడు వెయ్యాలంటే, వేలు పెట్టి మూడు అంకెలు లెక్కపెట్టగలిగితే ఇంకా వెయ్యొద్దంది. నేను అరుగుకీ పెరటికీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో. ఒకసారి నేను అడగకముందే, కర్రతో పైకి ఎత్తి తిప్పమను, అడుగంటుతుంది అంది. ముక్కు పని చేస్తూనే ఉంది మరి. అక్కడి దాకా ఆవిరి వస్తోంది.

వేసిన దుప్పట్లలో ఆఖరిది పూర్ణచంద్రరావుగారు భోంచేసి వెళ్ళిన మర్నాడు, ఆ శుక్రవారం అద్దింది. గణపతి కర్రతో ఒక అంచు పైకెత్తారు. ఎరుపు అప్పుడే లేస్తోంది. పువ్వులు, ఆకులు, అంచు తీగ, ఒకదాని వెంట ఒకటి. అంచుకి లోపల ఖాళీ వదిలిన చోట ఏదో మరక.

ఇంకొంచెం ఎత్తమన్నాను.

మరక కాదు. అడుగు. కొంచెం అవతల ఇంకోటి. ఇంకోటి. ఖాళీ చోటంతా, పువ్వుల పక్క నుంచి, దుప్పటి ఒక చివర నుంచి రెండో చివరకి నడుచుకుంటూ వెళ్ళిన చిన్న చిన్న ఎర్రటి అడుగులు. గణపతి కర్ర పట్టుకుని అలాగే ఉండిపోయారు. నేను దగ్గరికి వంగాను. ఆవిరికి కళ్ళు మండుతున్నాయి. కుడి ముందరి కాలు పడిన ప్రతి చోటా మూడే చుక్కలు.

అత్తయ్యని పిలవండి అన్నాను. పిలిచారు. రాలేదు. నేనే ఆ దుప్పటిని కర్రలతో చల్లటి తొట్టిలోకి లాగి, పిండకుండానే రెండు చేతులా ఎత్తుకుని అరుగు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎర్రటి నీళ్ళు నా చీరంతా కారాయి. ఆవిడ ముందు పరిచాను.

ఆవిడ చూసింది. ముందు దూరం నుంచి, తర్వాత వంగి. వేలితో ఒక అడుగు మీద చుక్కలు తాకింది. ఒకటి, రెండు, మూడు. ఆగింది. ఇంకో అడుగు మీద తాకింది. ఒకటి, రెండు, మూడు.

"ఎప్పుడు అద్దావురా ఇది?" అంది.

"ఆ శుక్రవారం సాయంత్రం. బల్ల మీదే ఆరనిచ్చి తాళం వేశాను."

"గురువారం కాదుగా?"

"గురువారం ఈ గుడ్డ ఇంకా తీగ మీద ఆరుతోందమ్మా. పటిక కూడా శుక్రవారమే కలిపాను."

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని ఆ అడుగుల వెంట వేలు నడిపించుకుంటూ వెళ్ళింది. గవ్వ ఆ రాత్రి పెంకుల సందులోంచి దిగి, పటిక పళ్ళెంలో గోనెపట్టా తొక్కి, బల్ల ఎక్కి నడిచిందన్నమాట. అడుగులు దుప్పటి చివర ఆగాయి. అక్కడ ఒక అడుగు కాదు, ఎన్నో, ఒకదాని మీద ఒకటి, పళ్ళెమంత గుండ్రంగా. చుట్లు తిరిగింది. పిసికింది. ఆవిడ పాత చీర మడత ఉండే మూల అది. గుడ్డ పరచడానికి గణపతి ఆ రోజు చీర తీసి పక్కన పెట్టారట. చీర లేకపోయినా ఆ చోటు వెతుక్కుని వచ్చి అక్కడే పడుకుని వెళ్ళింది.

"తిరిగొచ్చింది" అంది మా అత్తగారు. "కర్రతో కొట్టాక కూడా."

అప్పుడు చెప్పాను. ఇంకో క్షణం ఆగితే ఎప్పటికీ చెప్పలేనని తెలిసి చెప్పాను. రాయి పెట్టలేదు అత్తయ్యా, మర్చిపోయి గోడ దగ్గరికి వెళ్ళాను, మీరడిగితే పెట్టానన్నాను, అది రాయి దొర్లించలేదు. ఈ మాటలన్నీ నేల చూస్తూ చెప్పాను. గణపతి నన్ను చూశారు. ఆయన వాళ్ళ అమ్మని చూడలేదు.

 డేగిసాలో నీళ్ళు కుతకుతమంటున్నాయి.

"అయితే నా మీద అలిగే పని దానికి లేనే లేదన్నమాట" అంది ఆవిడ చివరికి. "నీ మీద అలగాలి అది. నీ మూలంగా దెబ్బ తింది."

"అవునత్తయ్యా."

"నీ మీదా అలగలేదు. ఎవరి మీదా అలగలేదు. మొద్దుమొహంది." చెంగుతో ముక్కు తుడుచుకుంది. తడి దుప్పటి మీద చెయ్యి ఆనించి, నాతోనో గణపతితోనో కాకుండా, ఎదుటి గోడతో అన్నట్టు అంది. "ఆయన కూడా ఇంటికి బయల్దేరే ఉంటాడు. కోపం ఎంతసేపుండేది ఆయనకి? మధ్యాహ్నానికే బయల్దేరుంటాడు."

 నేను కాపురానికొచ్చాక మా మావగారి గురించి ఆవిడ నోట విన్న మాట అదొక్కటే.

ఆవిడ మళ్ళీ గాలి పీల్చింది. ఈసారి మొహం చిట్లించింది.

"డేగిసాలో ఇంకా గుడ్డలున్నాయా? మాడుతున్నాయి. అలా బొమ్మల్లా నిలబడతారేం ఇద్దరూ?"

లేచి వెళ్ళింది. తొట్టి పక్కన పడేసిన కర్ర అందుకుంది. పొయ్యిలోంచి రెండు పుల్లలు బయటికి లాగి, కళ్ళు మూసుకుని నిలబడింది. ఆ రోజు మిగిలిన దుప్పట్లు ఎలా వచ్చాయో చెప్పక్కర్లేదు. గడ్డి మీద పరిస్తే రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు.

జిలానీగారు గోడ మీద నుంచి ఆ అడుగుల దుప్పటి చూసి, నలభై ఏళ్ళుగా చెక్కుతున్నాను, నా అచ్చు ఒక్కటీ ఇంత శుభ్రంగా పడలేదన్నారు. పిల్లిని గురువుగా పెట్టుకోండి అంది ఖదీజా. మా అత్తగారు నవ్వింది. నేను విన్నాను. పూర్ణచంద్రరావుగారు తేదీకి సరుకు తీసుకెళ్తూ, ఒక దుప్పటి తక్కువుందేం రాఘవమ్మా అని అడిగారు. పిల్లి పాడుచేసిందండి, మా ఇంట్లో ఉంచుకున్నాం అంది. 

మర్నాడు ముక్కుపుడక మళ్ళీ ముక్కుకి వచ్చింది. మీసం చెయ్యడం కుదరలేదు పిన్నీ, పనిముట్లు లేవు అని నాంచారయ్య తిరిగిచ్చాడట. పోనీలే, దానికి దాని మీసాలే చాలు అందట ఆవిడ.

నాతో నాలుగు మాటలూ పోలేదు. కొన్ని పెరిగాయి కూడా. డేగిసా పని నాకు నేర్పడం మొదలుపెట్టింది. ముక్కు నాకింకా రాలేదు, కళ్ళతో చూసే పని చేస్తాను. ఆవిడకి ఇప్పుడు కంట్లో పొర వచ్చింది, నా కళ్ళూ ఆవిడ ముక్కూ కలిపి సరిపోతున్నాయి. ఆ దుప్పటి ఆవిడ మంచం మీదే ఉంటుంది. ఎనిమిదేళ్ళలో పువ్వులు కాస్త వెలిశాయి. అడుగులు వెలవలేదు. పిల్లి గట్టిగా తొక్కింది, పటిక బాగా పట్టింది అంటుంది ఆవిడ.

గవ్వని తలుచుకుంటే ఇప్పటికీ గడప వైపు చూస్తాను. చెప్పాల్సినవి ఉంటాయి. మా చెల్లికి పెళ్ళయింది, మా అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గింది. ఒకప్పుడు ఆ మాటలు మింగేసేదాన్ని. ఇప్పుడు అత్తగారికి చెప్తున్నాను. ఆవిడా చెవులొకటే కదిపినట్టు వింటుంది.

ఆ మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చాక ఒక రోజు ఆవిడ బందరు నుంచి మళ్ళీ చేప తెచ్చింది. కోసి, ఉప్పూ కారం పట్టించి, తనే మూత పెట్టింది. నేను అలవాటుగా, ఇంకెప్పుడూ మర్చిపోకూడదని ఒట్టు పెట్టుకున్నదాన్ని, పొత్రం రెండు చేతులా ఎత్తాను. మూత మీద పెట్టబోతుంటే ఆవిడ పెరట్లోంచి చూసింది.

"వద్దు, ఉండనీ" అంది.

రాయి పట్టుకుని నిలబడ్డాను.

"ఏదో ఒకటి వస్తుంది" అంది ఆవిడ, డేగిసా వైపు నడుస్తూ. "వచ్చేదాన్ని రానీ."

రాయి పొయ్యి పక్కన దించి, వంటింటి కిటికీ రెక్క తెరిచి పెట్టాను.